గుండె గీత పైకి లేపిన రోజు

చేతికొచ్చిన ఉద్యోగాన్ని బస్కీలు తీసి పోగొట్టుకోబోయిన మనిషిని మీరు చూసి ఉండరు. ఇదుగో, నేనే. డెబ్బైల మొదట్లో జరిగిన ఈ ఘనకార్యం విని మీరూ నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లో అందరూ ఎప్పుడో నవ్వేశారు, ఒక్క బాపు, అదే మా నాన్న, తప్ప.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. బోధన్‌లో చక్కెర కార్ఖానా బాయిలర్ పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోసే పని. మా బాపు అదే పొయ్యి ముందు ఇరవై సీజన్లు చెమటోడ్చి, చివరికి సీజన్ కూలీగానే ఇల్లు చేరాడు. అందుకే పర్మనెంటు చేస్తాం, నిజామాబాద్ వెళ్లి గుండె పరీక్ష చేయించుకురమ్మని నాకు కాగితం వస్తే, అది మా ఇద్దరికీ వచ్చినట్టే అనిపించింది.

నాతో పనిచేసే యూసుఫ్ భాయ్ అప్పటికే ఆ పరీక్ష అయి వచ్చాడు. "ఏం లేదు తమ్మీ. పండవెట్టి కాళ్లకు చేతులకు తీగలు కడ్తరు. మిషన్ల ముల్లు కాగితం మీద గీత గీస్తది. గంతే," అన్నాడు.

గీత అనగానే నాకు అంతా తెలిసిపోయింది. అదే నా ఖర్మ. మా బాయిలర్‌కూ అలాంటి ముల్లే ఉండేది. ఆవిరి పెరిగితే కాగితం మీద గీత పైకి లేచేది, తగ్గితే జారేది. జారిందంటే ఫోర్‌మన్ మా ఏడు తరాలనూ తలుచుకునేవాడు. ఎవరైనా తనిఖీకి వస్తున్నారంటే ముందే పొయ్యి ఎగదోసి గీతను పైన నిలబెట్టడం మా ఆనవాయితీ. మరి గుండెకు మాత్రం వేరే న్యాయం ఉంటుందా?

నిజామాబాద్‌లో బస్సు దిగి రిక్షా ఎక్కలేదు. ఆసుపత్రి దాకా ఒకటే పరుగు. గోడచాటున వంద బస్కీలు తీశాను. బల్ల ఎక్కించి తీగలు కట్టగానే పిడికిళ్లు బిగించి, పళ్లు కొరికి, ఊపిరి బిగబట్టాను. ఊపిరుంటే ఉప్పమ్ముకుని బతకొచ్చంటారు. నేను ఆ ఊపిరిని బిగబట్టి ఉద్యోగం ఊడగొట్టుకోబోయాను.

ముల్లు పూనకం వచ్చినట్టు ఊగింది. దాన్ని చూసి నా ఛాతీ ఉప్పొంగింది, డాక్టరు ముఖం మాత్రం మాడిపోయింది. ఛాతీలో నొప్పి వస్తుందా, ఆయాసం ఉందా, మీ ఇంట్లో ఎవరైనా ఉన్నట్టుండి పోయారా అని వరసగా అడిగాడు. అన్‌ఫిట్ అని రాయడానికి కలం తీశాడు. ఆయనకు ఇంకా తృప్తి కలగలేదేమోనని నేను జాలిపడ్డాను.

"ఇంకింత లేపాల్నా సార్?"

"ఏం లేపుతవ్?"

"గీత సార్. ఇంకో యాభై బస్కీలు తీస్తే మస్తుగ లేస్తది."

డాక్టరు కలం కింద పెట్టి, నాచేత మొత్తం కథ చెప్పించుకున్నాడు. నర్సమ్మ గోడవైపు తిరిగి నిలబడింది, ఆమె భుజాలు కదులుతున్నాయి.

"సీజన్ అయినంక మీ బాయిలర్ ఎట్లుంటది?" అన్నాడు డాక్టరు.

"సల్లగుంటది సార్."

"గట్ల పండుకో. గంట దాక లేవకు."

రెండోసారి గీత ఎప్పుడు తీశారో నాకు తెలియదు, గురక పెడుతున్నానట. లేపి ఫిట్ అని రాసిచ్చారు. కొత్త కాగితం చూసి నీరుగారిపోయాను. చీమలబారులా చిన్న చిన్న గీతలు. గింత తక్కువుంటే నౌకరిస్తరా సార్ అని అడిగితే, ఆయన నవ్వు ఆపుకోలేక, పనికిరాని మొదటి కాగితం కూడా నా చేతిలో పెట్టి పంపేశాడు.

ఇంటికొచ్చి పర్మనెంటు అయినట్టేనని చెబితే బాపు డాక్టరు చీటీని కళ్లకద్దుకున్నాడు. అంత గర్వం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు. ఆ ఊపులో రెండు గీతలూ పరిచి, జరిగిందంతా చెప్పాను. అందరూ పడీపడీ నవ్వారు. బాపు మాత్రం రెండింటి మీదా వేలు పెట్టి చివరిదాకా చూసి, మంచి కాగితాన్ని పక్కకు నెట్టేశాడు.

"గీ సల్లవడ్డదాన్ని పెట్టెల వెయ్యి," అన్నాడు. మొదటిదానికి పటం కట్టించి గోడకు తగిలించాడు. ఇంటికి ఎవరొచ్చినా దాని ముందు నిలబెట్టేవాడు. "సూడు, మా పోరని గుండె. యాడన్న జారిందా?"

కాబట్టి ఆ బాయిలర్ సాక్షిగా ఒట్టు వేస్తున్నాను. ఇకమీదట ఏ డాక్టరు బల్ల ఎక్కినా ఒక్క బస్కీ తీయను, ఆవలించడం తప్ప మరే ప్రయత్నమూ చేయను. ఆ పటాన్ని మాత్రం గోడ మీంచి దించను.