కేక వెయ్యకుండా చెట్టెక్కిన పాపం

రెండు ముక్కల్లో చెప్పేస్తాను, స్టవ్ మీద పాలున్నాయి. మొన్న ఆదివారం మా పెరట్లో కొబ్బరిచెట్టు మీద గంటన్నర ఉండిపోయేను. నా వయసు అరవై నాలుగు. అంతే.

అసలు తప్పంతా సత్యానిది. సత్యమంటే మా కాయలు దింపేవాడు. రెండు నెలలకోసారి రావాలి, మూడు నెలలైనా జాడ లేదు. ఫోను చేస్తే "రేపొత్తానండి" అంటాడు. వాళ్ళింటి తలుపుకి గొళ్ళెం కూడా రేపే బిగిస్తానన్నాడట, వాళ్ళావిడ ఇప్పటికీ తాడు కట్టుకుంటోంది. సరే, అది వాళ్ళ గొడవ. ఈలోగా ఎండుకాయ రాలి మా వంటింటి రేకు పగిలింది.

పక్కూళ్ళో చెట్టెక్కే మిషను మీద శిక్షణ ఇస్తున్నారని తెలిసి వెళ్ళేను. అంతా పాతికేళ్ళవాళ్ళు.

"మామ్మగారూ, చూడ్డానికొచ్చేరా?" అన్నాడొకడు.

"ఆయ్. నువ్వెలా పడతావో చూద్దామని" అన్నాను.

ఆరు రోజులు నేర్చుకుని మిషను కొనుక్కొచ్చేను. మా ఆయన దాన్ని పాముని చూసినట్టు చూసేరు. "ఎక్కితే ఎక్కు. ఊళ్ళో ఒక్కరొచ్చి నాతో మాటన్నా, అది పాత ఇనుములోకి పోతుంది" అన్నారు. పక్కింట్లో ఉండే మా తోడికోడలు మంగతాయారు దడి మీంచి తల పెట్టి, "అక్కా, ఈ వయసులో ఎందుకొచ్చిన పని? నా మోకాళ్ళకి నేనైతే అరుగు కూడా ఎక్కను" అంది. ఈ వయసు, ఈ వయసు. ఆయన ఇదే వయసులో రోజంతా పేకాడితే ఎవరూ ఏమీ అనరు.

ఆదివారం పొద్దున్నే నడుముకి బెల్టు కట్టుకుని, మిషను పట్టీల్లో కాళ్ళు పెట్టి ఎక్కేను. పైనుంచి గోదావరి పాయ కనిపించింది. నలభై ఐదేళ్ళుగా ఈ ఇంట్లో ఉంటున్నాను, మా పెరట్లోంచి గోదావరి కనిపిస్తుందని నాకెవరూ చెప్పలేదు. కాసేపు అలా చూస్తూ ఉండిపోయేను.

తరవాత పెరళ్ళు కనిపించేయి. తెల్లారి లేచి యోగా చేస్తానని ఊరందరికీ చెప్పే రిటైర్డు మాస్టారు చాప మీద గురకపెడుతున్నారు. ఇటు మంగతాయారు. కొంగు బొడ్లో దోపి, తాడు పట్టుకుని స్కిప్పింగ్ చేస్తోంది.

ఊరుకోవచ్చు కదా. "మంగతాయారూ, మోకాళ్ళెలా ఉన్నాయి?" అన్నాను.

పాపం, ముందు ఆకాశంలోకి చూసి దణ్ణం పెట్టింది. తరవాత నన్ను చూసింది.

గోల మొదలైంది. మా వైపు చెట్టెక్కేవాడెవడైనా ముందు "ఎక్కుతున్నామండోయ్" అని కేకెయ్యాలి. నూతి దగ్గర స్నానాలు చేసే ఆడవాళ్ళు లోపలికెళ్ళిపోతారు. ఆ కేక వినడమే గానీ వెయ్యడం నాకలవాటు లేదు. నేనూ ఆడదాన్నే కదా, నేను చూస్తే ఏం పోతుందండీ?

కంగారులో నా ఎడంకాలు మిషను పట్టీలోంచి ఊడొచ్చేసింది. మళ్ళీ ఎలా పెట్టుకోవాలో ఏడో రోజు నేర్పేరట. ఆ రోజు నేను పెళ్ళికెళ్ళేను.

చెట్టుని కావలించుకుని నేను పైన, ఊరు కింద. మాస్టారు కండువా సర్దుకుని, "ఇది మర్యాదేనాండీ?" అన్నారు.

"నిద్ర సరిపోయిందాండీ?" అన్నాను.

"ముందు దిగు, తరవాత మాట్లాడు" అన్నారు మా ఆయన. దిగడం వస్తే అక్కడెందుకుంటాను?

చివరికి సత్యాన్ని మోటారుసైకిలు మీద లాక్కొచ్చేరు. మూడు నెలలు కాయల కోసం రానివాడు పావుగంటలో నాకోసం వచ్చేడు. ముందు కేకేసేడు, తరవాత ఎక్కేడు. పట్టీలో నా కాలు పెడుతూ, "కేకెయ్యకుండా ఎక్కేరేంటండి, మా వృత్తికే చెడ్డపేరు" అని నన్నే తిట్టేడు.

నేల మీద కాలు పెట్టేసరికి మా ఆయన మిషను విప్పేస్తున్నారు. "ఒక్కరు కాదు, ఊరంతా వచ్చింది. ఇక ఇనుముకే" అన్నారు.  

అప్పుడు మంగతాయారు ముందుకొచ్చి, "బావగారూ, అది నాకిచ్చెయ్యండి. అక్క ఎలాగూ వారంలో మానేస్తుందని పది రోజులుగా కాళ్ళు గట్టిపరుచుకుంటున్నాను" అంది.

మరదలి మాట ఆయన ఎప్పుడూ కాదనరు.

నిన్న రెండు పెరళ్ళ కాయలూ మంగతాయారే దింపింది. నేను కింద ఏరేను.