నాకెప్పుడూ నల్లపావులే

మా క్లబ్బులో చదరంగానికి ఒక రూలుంది. ఏ రూల్స్ పుస్తకంలోనూ అది కనిపించదు. పెద్దవాళ్ళకు తెల్లపావులు, చిన్నవాళ్ళకు నల్లపావులు. మొదటి ఎత్తు తెల్లపావులదే కాబట్టి, వయసులో చిన్నవాళ్ళు ఎప్పుడూ ఎదుటివాళ్ళు కదిలాకే కదలాలి. దీనికి మర్యాద అని పేరు. భీమవరం పక్కన మర్యాదకేం లోటు? కాఫీ ఇస్తారు, కుర్చీ వేస్తారు, ఆ తర్వాత "మీరు నల్లవి తీసుకోండమ్మా" అంటారు. కోపం తెచ్చుకోవడానికి ఎవరికీ సందు దొరకదు. నాకు మాత్రం రోజూ దొరికేది.

నేను రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబ్‌లో పనిచేస్తాను. సాయంత్రం ల్యాబ్ మూసేసి నేరుగా క్లబ్బు వరండాకు వెళ్ళేదాన్ని. అక్కడ చదరంగం ఆడే ఆడమనిషిని నేనొక్కదాన్నే, అందరికంటే చిన్నదాన్ని కూడా నేనే. అలా రెండేళ్ళు నల్లపావులు తప్ప వేరేవి ముట్టుకోలేదు. ఓడినవాళ్ళు పావులు పెట్టెలో సర్దాలన్నది మరో ఆచారం. ఆ పని కూడా నాకే ఎక్కువగా పడేది.

ఎక్కువసార్లు నన్ను ఓడించింది మా క్లబ్బు ప్రెసిడెంటుగారు. చెరువులున్న ఆసామి, మాట మెత్తన. ఆయనకు తెలిసిన దాడి ఒక్కటే. శకటును దూరం నుంచి గురిపెడతారు, గుర్రాన్ని దగ్గరికి దూకిస్తారు, రెండూ కలిసి నా రాజు పక్క బంటు మీద పడతాయి. ఆ బంటుకు రాజు తప్ప దిక్కులేదు. దాన్ని తిన్న గుర్రం అక్కడే కూర్చుని నా మంత్రినీ ఏనుగునూ ఒకేసారి బెదిరిస్తుంది. "చూసుకోవాలి కదమ్మాయ్" అని ఆయన నవ్వేవారు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఓడినందుకు కాదు. ఆట మొదలుకాకముందే నా పని కాసుకోవడమేనని వాళ్ళంతా తేల్చేసినందుకు.

ఇంటికొచ్చి ఫోన్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్ళతో అదే దాడి ఎదుర్కొంటూ ఆడాను. ఆ బంటును కాయాలని చూసినంతకాలం ఓడుతూనే ఉన్నాను. రొయ్య ఊపిరాడక పైకి తేలాక నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్ వేస్తే ఏం లాభమని రైతులకు రోజూ చెప్పేదాన్ని నేనే. చదరంగంలో నేను చేస్తున్నదీ అదేనని అర్థమైంది. ముందు నేను బెదిరించాలి. అందుకు ఒక బంటు పోతే పోనీ. నేర్చుకున్నది క్లబ్బులో మాత్రం బయటపెట్టలేదు.

ఇంతలో కాకినాడలో క్లబ్బుల మధ్య పోటీ అన్నారు. మా జట్టులో నాలుగో స్థానం ఖాళీ. తనను ఓడించినవాళ్ళకే ఆ స్థానమని ప్రెసిడెంటుగారు ప్రకటించారు. ఇద్దరు ప్రయత్నించి ఓడిపోయారు. మూడోదాన్ని నేను. నాకా స్థానం కావాలి. ఆడవాళ్ళ విభాగం ఉంటే అప్పుడు చూద్దాంలే అని అంతకుముందు రెండుసార్లు నన్ను పక్కన పెట్టారు. ఈసారి పక్కకు జరిగే ఉద్దేశం నాకు లేదు.

బల్ల దగ్గర కూర్చునేసరికి తెల్లపావులు ఆయన వైపు పేర్చి ఉన్నాయి.

"టాస్ వేద్దామండి" అన్నాను.

"టాస్ ఏంటమ్మా, పెద్దాయన ముందు?" అన్నారు పక్కన కూర్చున్న రిటైర్డ్ పోస్టుమాస్టరుగారు.

"పోటీ కదండీ. కాకినాడలో వయసు అడగరు."

ప్రెసిడెంటుగారి మొహంలో నవ్వు కాస్త తగ్గింది. "సరే, అమ్మాయి సరదా ఎందుకు కాదనాలి" అన్నారు. పోస్టుమాస్టరుగారు తెల్ల బంటు ఒకటి, నల్ల బంటు ఒకటి గుప్పిళ్ళలో దాచి చాపారు. నేను ఎడమ చెయ్యి ముట్టుకున్నాను. తెరిస్తే నల్ల బంటు.

వరండా అంతా ఘొల్లుమంది. "దేవుడికి కూడా మర్యాద తెలుసమ్మా" అన్నారెవరో. నేనూ నవ్వేశాను. టాస్ అడిగింది తెల్లవి కావాలని కాదు. అడగకుండా చేతిలో పెట్టే నల్లవి వద్దని. ఇప్పుడవి నేను ఎంచుకున్న గుప్పిట్లోంచి వచ్చాయి.

ఆయన ఎప్పటిలాగే మొదలుపెట్టారు. రాజు ముందు బంటు, గుర్రం, శకటు. నేను కూడా ఒక బంటును తోసి, రెండు గుర్రాలనూ బయటికి తీశాను. ఆయన గుర్రం నా రాజు వైపు దూకింది. ఇక నేను తల పట్టుకుంటానని అందరూ చూస్తున్నారు. నా మంత్రి ముందున్న బంటును రెండు గళ్ళు తోసి, ఆయన బంటుకు ఎదురుగా పెట్టాను.

"ఊరికే ఇచ్చేస్తున్నావేంటమ్మాయ్?"

"తీసుకోండి."

తీసుకున్నారు. ఊరికే వచ్చేదాన్ని వదిలే అలవాటు ఆయనకు లేదు. నా గుర్రం అంచుకు వెళ్ళి ఆయన శకటును బెదిరించింది. శకటు తప్పుకుంటూ నాకు చెక్ చెప్పింది. ఇంకో బంటును అడ్డం పెట్టాను. దాన్నీ ఆయన బంటు తినేసింది. తిన్న బంటును నేను తిని, శకటును మళ్ళీ తరిమాను. అంచు బంటును ఒక గడి తోస్తే గుర్రం వెనక్కి పోయింది. రాజు ముందున్న బంటును తోస్తే అదే గుర్రం మళ్ళీ పరుగు తీయాల్సి వచ్చింది. ఆయన దగ్గర ఒక బంటు ఎక్కువ, నిజమే. కానీ ఆయన ఏం కదపాలో నేను చెబుతున్నాను. రెండేళ్ళలో ఆ బల్ల దగ్గర అలా జరగడం అదే మొదటిసారి.

విసుగొచ్చిందేమో, ఆయన గుర్రాన్ని తెచ్చి బల్ల నడిమధ్య పెట్టారు. పెట్టి, చెయ్యి తీశాక చూసుకున్నారు. నా మంత్రికి ఆ గుర్రం దాకా దారి నేరుగా ఉంది. ఆ దారి తెరిచింది కూడా ఆయన బంటే, నేనిచ్చినవి తింటూ పక్కకు జరిగి.

"ఉండమ్మాయ్, చూసుకోలేదు" అంటూ గుర్రాన్ని మళ్ళీ పైకెత్తారు. పెద్దవాళ్ళు ఎత్తు వెనక్కి తీసుకోవడం కూడా మా మర్యాదలో భాగమే.

"ఆడిన ఎత్తు ఆడినట్టేనండి" అన్నాను.

"ఒక్క ఎత్తే కదమ్మా, పెద్దాయన" అన్నారు పోస్టుమాస్టరుగారు.

"నా ఎత్తు ఎప్పుడైనా వెనక్కిచ్చారా అండి?"

ప్రెసిడెంటుగారు గుర్రాన్ని మళ్ళీ ఆ నడిమధ్య గడిలోనే పెట్టారు. నేను మంత్రితో దాన్ని తీసుకున్నాను. ఆ తర్వాత ఆయన ఇంకా కాసేపు లాగారు కానీ, చీకటి పడకముందే రాజును పడుకోబెట్టారు.

"తెల్లవి కావాలని నోరు తెరిచి అడిగితే నేనే ఇచ్చేవాణ్ణి కదమ్మా, ఇంత పట్టుదలెందుకు?" అన్నారు. కోపంగా అనలేదు, నొచ్చుకున్నట్టు అన్నారు.

"ఇవ్వడానికి అవి మీవి కావు కదండీ" అన్నాను.

ఆయన "కాకినాడ వ్యాను పొద్దున్నే బయల్దేరుతుంది, ఆలస్యం చెయ్యకు" అన్నారు. నేను సరేనన్నాను.

పోస్టుమాస్టరుగారు పావులపెట్టె నా వైపు జరిపారు, అలవాటు కొద్దీ. నేను దాన్ని ప్రెసిడెంటుగారి ముందుకు జరిపాను. "నేను సర్దుతానులెండి" అంటూ ఒకాయన లేవబోతే, ప్రెసిడెంటుగారే వద్దని చెయ్యి అడ్డం పెట్టి ఒక్కో పావూ పెట్టెలో వేయడం మొదలుపెట్టారు. ఆయన సర్దడం అయ్యేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు.