నాటకీయ పరిణామాల నడుమ

కొన్నేళ్లుగా నేనొక దినపత్రికకు మండల విలేకరిగా పనిచేస్తున్నాను. చిట్టమూరు వైపు నుంచి పులికాట్ సరస్సు అంచు దాకా ఉన్న పల్లెల వార్తలు నేనే పంపిస్తాను. ఆ రోజు ఉదయం చేపల వేట మీద బతికే పల్లెకారుల ఊరొకటి నుంచి ఫోన్ వచ్చింది.

"అన్నా, కాలువ పూడుస్తుండారు. మా మొగోళ్లంతా సరస్సులో ఉండారు. తొందరగా రా."

నేను వెళ్లేసరికి పొక్లెయిన్ పని మొదలుపెట్టి గంట దాటింది. ఊరి నుంచి సరస్సులోకి పడవలు పోవడానికి ఉన్న దారి ఆ కాలువ ఒక్కటే. దానికి రెండు వైపులా రొయ్యల గుంటలున్న ఆసామి ఒకడు, కాలువ తన పట్టాలోదేనని అడ్డంగా కట్ట పోయిస్తున్నాడు. తెల్లవారుజామున వేటకు పోయిన పడవలు ఇంకా తిరిగి రాలేదు. ఒడ్డు మీద ఉన్నవాళ్లంతా ఆడవాళ్లు, ముసలివాళ్లు. ఎంత అరిచినా యంత్రం చప్పుడులో వాళ్ల గొంతులు వినిపించడం లేదు.

వాళ్లలో నుంచి ఒకామె కాలువలోకి దిగింది. నలభై ఏళ్లుంటాయి. మోకాలు కూడా మునగని నీళ్లలో, కట్ట పడుతున్న చోటికి నడిచి, అక్కడే కూర్చుంది. డ్రైవరు ఒక్క క్షణం ఆగాడు. తర్వాత ఆమెకు కాస్త పక్కగా తొట్టెడు మట్టి గుమ్మరించాడు. ఆమె కదలలేదు. రెండో తొట్టి ఇంకాస్త దగ్గరగా పడింది.

నాకు దగ్గరలోనే గట్టు మీద నుంచి ఆసామి కేక వేశాడు. "నాటకాలాడతా ఉండాది. నువ్వు మట్టి పొయ్యి. అదే లేస్తది."

మూడో తొట్టి ఆమె మీదే పడింది. నడుము దాకా మట్టి. ఆమె రెండు చేతులూ తల పైకి ఎత్తి పెట్టుకుంది. డ్రైవరు యంత్రం ఆపేసి, తాళం తీసుకుని, ఎవరి వంకా చూడకుండా రోడ్డు వైపు నడిచి వెళ్లిపోయాడు. ఆడవాళ్లు పరుగున దిగి చేతులతో మట్టి తవ్వారు. ఆమెను బయటికి లాగినప్పుడు ఎడమ కాలు నేల మీద ఆనలేదు.

ఇదంతా నేను ఫోనులో తీశాను. మొదటి నుంచి చివరి దాకా ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేదు.

గంటలో వార్త పంపించాను. మొదటి వాక్యం ఇలా రాశాను: 'నాటకీయ పరిణామాల నడుమ కాలువ పూడ్చివేత పనులు నిలిచిపోయాయి.' ఆ వాక్యం కోసం నేను ఆలోచించలేదు. నామినేషన్ల ఉపసంహరణకు, అవిశ్వాస తీర్మానానికి, పెళ్లి ఆగిపోయినప్పుడు, దొంగ దొరికినప్పుడు అదే రాసేవాణ్ణి. డెస్కులో దాని మీద 'కాలువలో హైడ్రామా' అని శీర్షిక పెట్టారు. జిల్లా పేజీలో ఫోటోతో వచ్చింది. నేను సంతోషపడ్డాను కూడా.

మూడో రోజుకి తెలిసింది, ఆసామి రెవెన్యూ అధికారులకు అర్జీ పెట్టాడని. సొంత భూమిలో జరుగుతున్న పనిని ఆపడానికి ఆడవాళ్లు కూడబలుక్కుని డ్రామా ఆడారని, పేపరు వాళ్లే ఆ మాట రాశారని అందులో చెప్పి, నా వార్తను కత్తిరించి జత చేశాడు. విచారణకు తేదీ వేశారు.

ఆ సాయంత్రమే ఆ ఊరికి వెళ్లాను. ఆమె పడవల రేవులో, దెబ్బ తగిలిన ఎడమ తుంటి మీద బరువు పడకుండా ఒక పక్కకి ఒరిగి కూర్చుని, వలలో చిక్కిన పీతలను, మా వైపు ఎండ్రకాయలంటారు, కాళ్లు విరగకుండా విడదీస్తోంది. నన్ను చూసి పని ఆపలేదు.

"నేనక్కా, ఆ రోజు వచ్చినాను," అన్నాను.

"తెలుసు. ఫోను పట్టుకోని నిలబడింది నువ్వే గదా."

నేను నిలబడే ఉన్నాను. ఆమె కూర్చోమనలేదు.

"నాకు చదువు రాదు. మా పాప చదివి వినిపించింది. బళ్లో దాన్ని డ్రామా వాళ్ల పిల్ల అంటుండారంట. నువ్వు రాసినావే, నాటకీయమని. ఆ మాటకి అర్థమేందన్నా?"

"అది నాటకం ఆడినారని కాదక్కా. ఉన్నట్టుండి ఎవరూ ఊహించంది జరిగితే అట్టా రాస్తాం."

"మొగోళ్లు సరస్సులో ఉండారు. వాళ్లు తిరిగొచ్చే దారి పూడుస్తుంటే ఇంట్లో ఆడోళ్లు అడ్డం పోతారని ఎవురూ ఊహించలేదా?"

"పైన పెద్దక్షరాల మాట నాది కాదక్కా. అది ఆఫీసులో పెడతారు," అన్నాను.

"నువ్వు రాసినదాంట్లో లేకపోతే వాళ్లకెట్టా తోస్తది?"

ఆమె చేతిలోని ఎండ్రకాయను బుట్టలో వేసి, మొదటిసారి నా ముఖంలోకి చూసింది.

"రెండో తూరి మట్టి పడినప్పుడే లేద్దామనుకున్నా. కాళ్లు రాలేదు. భయంతో బిగుసుకు పోయినాయి. మూడోది పైకెత్తినప్పుడు ఇంక నేను చచ్చినట్టే అనుకున్నా. పంతం పట్టి కూర్చోలేదన్నా నేను. లేవలేక కూర్చున్నా. నువ్వు పది బారల్లో ఉండావు. అడిగుంటే చెప్పేదాన్ని గదా."

నేను ఆమెను ఏమీ అడగలేదన్న సంగతి అప్పటి దాకా నాకే తట్టలేదు. ఆడవాళ్లు ఆమెను మంచం మీద మోసుకుపోతుంటే, నేను నీడ చూసుకుని ఫోనులో వార్త టైపు చేసుకుంటున్నాను.

ఇంటికి వచ్చి నిఘంటువు తీశాను. నాటకానికి సంబంధించినది అని ఉంది. అందులో తిట్టు లేదు, అనుమానం లేదు. ఎవరో దెబ్బ తిన్న సంగతిని దూరం నుంచి తమాషాగా చూడమని ఆ మాట చెప్పదు. అలా వాడినవాణ్ణి నేను. నా పాత వార్తలు వెనక్కి చదువుకుంటూ పోయాను. నాయకుడు పార్టీ మారితే నాటకీయంగా మారాడు. అందులో అతనికి పోయిందేమీ లేదు. పింఛను ఆగిపోయిన ముసలాయన ఆఫీసు మెట్ల మీద పడుకుంటే అదీ డ్రామాయే. ఆయన ఎందుకు పడుకున్నాడో నా వార్తలో ఆఖరి వాక్యంగా ఉంది. దాన్ని కూడా చోటు లేక తీసేశారు.

విచారణ రోజు పొద్దున్నే ఆసామి ఫోన్ చేశాడు. గొంతు మామూలుగానే ఉంది. "రాసిందే చెప్పబ్బయా, చాలు. కొత్తగా ఏం చెప్పబాక. నువ్వు ఈ దార్లోనే తిరగాల గదా."

అధికారి కాలువ గట్టు మీదే కుర్చీ వేయించుకున్నారు. ఒక వైపు ఆసామి మనుషులు, ఒక వైపు ఊరివాళ్లు. ఆసామి తరఫు మనిషి నా వార్తను పైకి చదివాడు. నాటకీయ అన్న మాట దగ్గర ఆగి, ఊరివాళ్ల వైపు తిరిగి మళ్లీ చదివాడు. ఆమె తల వంచుకోలేదు.

"ఈ వార్త రాసిందెవరు?" అని అధికారి అడిగారు.

ముందుకు వెళ్లాను. "వాక్యం నాదే సార్. అందులో ఆ మాట తప్పు. అక్కడ ఎవరూ నటించలేదు. ఆమె మీద మట్టి పోయమని చెప్పడం నేను విన్నాను."

పత్రికకు పంపింది అర నిమిషం ముక్క. మొత్తం వీడియో నా ఫోనులో ఉంది. అధికారి రెండుసార్లు చూశారు. యంత్రం చప్పుడు మధ్యలో 'నువ్వు మట్టి పొయ్యి' అన్న కేక స్పష్టంగా వినిపించింది.

ఆసామి నవ్వాడు. "విలేకరిని గూడా కలుపుకున్నారు సార్. బాగా ఆడుతుండారు నాటకం."

నేను చూసింది చూసినట్టు చెప్పాను, అది అందరి ముందూ వేషమైపోయింది. కాదని ఎలా నిరూపించాలో తెలియలేదు. పేపరులో వార్త వచ్చిన రోజు నుంచీ ఆమె పరిస్థితి ఇదే కదా అనుకున్నాను.

తర్వాత ఆమె వాంగ్మూలం రాసుకున్నారు. వేలిముద్ర వేయమంటే, ముందు చదివి వినిపించమంది. గుమాస్తా చదివాడు: "పనులు అడ్డుకొనే ఉద్దేశంతో కాలువలో కూర్చొని, లేచుటకు నిరాకరించి..."

"నిరాకరించి అంటే?"

"లేవనన్నావని."

"నేను అట్టా చెప్పలేదు సారూ. లేవలేకపోయినా అని రాయి."

గుమాస్తా అధికారి వైపు చూశాడు. ఆయన తల ఊపారు. కొట్టివేసి పైన రాశాడు. ఆమె మళ్లీ చదివించుకుని, అప్పుడు వేలిముద్ర వేసింది.

సర్వేయరు వచ్చి కొలిస్తే అది ఆసామి పట్టాలోది కాదు, ప్రభుత్వ కాలువేనని తేలింది. పోసిన మట్టి తీయించడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. అప్పటిదాకా మగవాళ్లు పడవలను సరస్సు అంచున కట్టేసి, వలలు భుజాన వేసుకుని బురదలో నడిచి వచ్చేవాళ్లు. ఆసామి కోర్టుకు వెళ్లాడు, అది ఇంకా నడుస్తోంది. నేను సవరణ వేయమని అడిగితే డెస్కు వాళ్లు ఒప్పుకోలేదు. కాలువ సర్వే జరిగిందని నాలుగు లైన్లు వేశారు. ఆ దారిలో నేను ఇప్పటికీ తిరుగుతున్నాను. ఆసామి కారు ఎదురైతే బండి పక్కకు తీస్తాను.

ఆమె తుంటి నొప్పి తగ్గలేదు. ఇదివరకు అప్పుడప్పుడు భర్తతో పాటు వేటకు పోయేది. ఇప్పుడు పడవలో ఎక్కువసేపు కూర్చోలేకపోతోంది కాబట్టి భర్త, మరిది వెళ్తున్నారు, ఆమె ఒడ్డున వలల పని చూసుకుంటోంది. నేను వెళ్తే ఇప్పుడు కూర్చోమంటుంది. వార్త కోసం వచ్చినావా, ఊరికే వచ్చినావా అని ముందు అడుగుతుంది. నేను చెప్పిన తర్వాతే మాట్లాడుతుంది.