సుభద్రగారి వంటింటి ఆఫీసు

రండమ్మా, చాప లాక్కుని ఇలా దగ్గరగా కూర్చోండి. ఇవాళ ఓఆర్‌ఎస్ ప్యాకెట్ చింపగానే గుప్పుమన్న నారింజ వాసనకు సుభద్రగారు గుర్తొచ్చారు. ఇప్పుడు జనక్‌పురిలో ఉంటున్నారు గానీ, అప్పట్లో వైశాలిలో మా పక్క ఫ్లాటే. ఆవిడకు కళ్ళు కనపడవు. ఫోను చదివి వినిపిస్తే విని, జనానికి ఆరోగ్యం సంగతులు చెప్పే ఒక వెబ్‌సైటుకు తెలుగులో రాసేవారు.

ఒక ఎండాకాలం మా మనవరాలు మిన్నీకి విరేచనాలు పట్టుకున్నాయి. కొడుకూ కోడలూ ఆఫీసులో. పిల్లేమో తోటకూర కాడలా వాడిపోయింది. కోడలు ఆ సైటులోని పేజీ నా ఫోనుకు పంపి, "అత్తయ్యా, ఇందులో ఉన్నట్టు కలిపి పట్టండి, నేను బయల్దేరుతున్నా" అంది. నాకు కూడబలుక్కుని చదవడం వచ్చు. "మౌఖిక పునర్జలీకరణ లవణ ద్రావణం" అని ఉంది. ఏ రాక్షసుడి మీద వేసే అస్త్రమో అనుకున్నాను! కింద ఒక బొమ్మ, దాని మీద చీమల్లాంటి అక్షరాలు. సరే, గ్లూకోజులాంటిదే కదా అని ఇంట్లో ఉన్న ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం గ్లాసుడు నీళ్ళలో పోసి కలిపేశాను. తాగనని మిన్నీ ఏడుస్తుంటే సుభద్రగారు గోడ పట్టుకుని వచ్చారు.

"ఎన్ని నీళ్ళలో కలిపారక్కా?"

"గ్లాసుడు."

"అయ్యో, పారబోయండి! ప్యాకెట్‌కు లీటరు నీళ్ళు. అంత చిక్కగా పడితే పిల్లకు ప్రమాదం."

మళ్ళీ కలిపి చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాం. సాయంత్రానికి మిన్నీ లేచి కూర్చుని, "దాదీ, భూఖ్ లగీ హై" అని హిందీలో ఆకలి సంగతి చెప్పింది. నా ప్రాణం లేచొచ్చింది.

సుభద్రగారు మాత్రం ఆ పేజీని తన ఫోనుతో చదివించారు. బొమ్మ దగ్గరకు రాగానే అది "చిత్రం" అని ఊరుకుంది.

"లీటరు మాట బొమ్మలో దాచారు. మీకూ అందలేదు, నాకూ అందలేదు. మరి ఎవరికోసం పెట్టినట్టు? రేపటినుంచి మీరే నా ఆఫీసరు."

"నేనా? మొద్దుననా?"

"కాదు, మొహమాటం లేనివారని."

అప్పటినుంచి నేను గోంగూర వలుస్తుంటే ఆవిడ రాసింది వినిపించేవారు. "ఇప్పుడు మీ కోడలికి చెప్తున్నట్టు నాకు చెప్పండి" అనేవారు. నేను ఎక్కడ తడబడితే అక్కడ మార్చేవారు. ఒకరోజు వాళ్ళ ఆఫీసాయన ఫోనులో, "మేడమ్, ఇది వంటింటి భాషలా ఉంది" అన్నాడు. ఈవిడ, "నీళ్ళు కలిపేది వంటింట్లోనే కదండీ!" అన్నారు. పేజీ అలాగే ఎక్కింది, బొమ్మలో దాగిన లీటరు మాట కూడా ఫోను చదివేలా విడిగా రాసి.

ఇప్పటికీ డాక్టరు గబగబా చెప్పేసి "ఠీక్ హై?" అంటే నేను తలూపను. "ఆగండి బాబూ, నేను తిరిగి చెప్తా, సరిగ్గా ఉందో లేదో వినండి" అంటాను. వెనక వరుసలోవాళ్ళు విసుక్కుంటారు. విసుక్కుంటూనే చెవులు మాత్రం ఇటు పెడతారు.

మీ ఇంటి గడప ముందు జ్వరాలు దారి తప్పాలి. మీ పిల్లలు మారు వడ్డించమని గోల చేస్తూనే ఉండాలి తల్లీ.