ముందు నంబరు అమ్మాయి మార్కులు

ప్రోగ్రామింగులో కన్‌స్ట్రక్టర్ పాఠం మొదలెట్టగానే మా క్లాసు పిల్లలు ఆవలిస్తారు. "అన్నిటికీ మొదటి విలువలు పెట్టడానికి ఇంత హడావుడి ఎందుకు మేడమ్?" అని ఒకడు అడిగాడు కూడా. నాకు ఒళ్ళు మండింది. ప్రోగ్రాంలో కొత్త ఆబ్జెక్టు, అంటే ఒక విద్యార్థి రికార్డులాంటిది, పుట్టే క్షణంలోనే దానికి కావలసినవన్నీ అమర్చిపెట్టేది కన్‌స్ట్రక్టర్. కొత్తగా అద్దెకొచ్చేవాళ్ళకు తాళంచెవి ఇచ్చేముందు పాతవాళ్ళ సామాను తీసేసి ఇల్లు కడిగించడం లాంటిది. అది లేని రోజుల్లో నేనొక ఆడపిల్ల కొంప ముంచబోయాను.

అది డెబ్బయ్యో దశకం చివర. బెజవాడ గవర్నర్‌పేటలో ఒక లాడ్జి మేడమీద మా ఆఫీసు. కాలేజీల పరీక్ష మార్కుల్ని అట్టకార్డుల మీద చిల్లులుగా కొట్టి, పెట్టెల్లో సర్ది హైదరాబాదు బస్సెక్కించేవాళ్ళం. కంప్యూటరు అక్కడుండేది. నాలుగు రోజులకు మార్కుల జాబితా అచ్చయి వచ్చేది. ప్రోగ్రాం రాసేది నేనొక్కదాన్నే. దానికి ఎంత మిడిసిపడేదాన్నో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. విద్యార్థికి సబ్జెక్టుకో కార్డు. పరీక్షకు రానివాళ్ళకు ఆ సబ్జెక్టు కార్డే కొట్టేవాళ్ళం కాదు. "లేని మార్కుకి కార్డెందుకమ్మా, దండగ" అనేవారు మా ఆఫీసు పెద్దాయన. నాకూ సబబుగానే తోచింది.

ఒకరోజు పొద్దున్నే ఒకమ్మాయి క్యారేజీ సంచీతో మెట్లెక్కి వచ్చింది. నేను జాబితా వేసిన కాలేజీలో చదువుతోంది.

"మేడమ్, ఫిజిక్స్ ప్రాక్టికల్లో నాకు ముప్పైరెండు వేశారండి. నేనసలు ఆ పరీక్షకి వెళ్ళలేదండి. మా మైలవరం బస్సు కొండపల్లి దగ్గర ఆగిపోయిందండి."

"మిషను తప్పు చెయ్యదమ్మా. నువ్వే మర్చిపోయుంటావు" అన్నాను.

ఎంత పొగరు! పరీక్షకి వెళ్ళిందీ లేనిదీ ఎవరైనా మర్చిపోతారా?

ఆ పిల్ల ఊరుకోలేదు. నేరుగా వాళ్ళ ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళి చెప్పింది. ఆయన మార్కుల పుస్తకం తీసి చూస్తే ఆమె పేరుకెదురుగా గైర్హాజరని ఉంది. జాబితాలో మాత్రం ముప్పైరెండు. ఈ పిల్లే ఎవరినో పట్టుకుని మార్కులు వేయించుకుందనీ, తర్వాత భయపడి ఒప్పుకుందనీ ఆయన అనుకున్నారు. విచారణ తేలేదాకా కాలేజీకి రావద్దని ఇంటికి పంపేశారు. తేడా వస్తే ఆమెకు ఆ ఏడాది చదువు పోయినట్టే.

మధ్యాహ్నం నాకు ఫోను చేశారు. "మిషను తనంతట తాను మార్కులెయ్యదు కదమ్మా?"

"చూసి చెప్తానండీ" అన్నాను.

కార్డుల కట్ట ముందేసుకు కూర్చున్నాను. ఆమెకు ప్రాక్టికల్ కార్డు లేదు. ఆమె ముందు నంబరు అమ్మాయికి ఉంది. దాని మీద ముప్పైరెండు.

నా ప్రోగ్రాంలో విద్యార్థి మార్కులకు ఉన్నది ఒకే ఒక చోటు. కొత్త నంబరు రాగానే నంబరు మాత్రం మార్చి, కార్డు వచ్చిన సబ్జెక్టు మార్కులు వచ్చినట్టే అందులో వేసుకుంటూ పోయేది. కార్డు రాని సబ్జెక్టు గడిలో ముందు అమ్మాయి మార్కులే మిగిలిపోయాయి. ప్రతి విద్యార్థికీ మొదట అన్ని గళ్ళలోనూ "రాలేదు" అన్న గుర్తు పెట్టాలి. సున్నా పెట్టినా తప్పే. పరీక్ష రాసి సున్నా తెచ్చుకోవడం వేరు, అసలు రాకపోవడం వేరు. ఇప్పుడైతే ఆ పని కన్‌స్ట్రక్టర్‌కి ఒకసారి అప్పగిస్తే చాలు. నంబరివ్వందే విద్యార్థి రికార్డును పుట్టనే పుట్టనివ్వదు, పుట్టగానే గళ్ళన్నీ సరిచేసి పెడుతుంది. అప్పట్లో ఆ పని మనిషి గుర్తుంచుకుని చెయ్యాలి. నేను మర్చిపోయాను.

ఫోను పక్కనే ఉంది. చెయ్యలేదు. ఉద్యోగం పోతుందని భయం, పేరు పోతుందని అంతకన్నా ఎక్కువ భయం. మర్నాడు గుట్టుచప్పుడు కాకుండా ప్రోగ్రాం సరిచేశాను గానీ నోరు మాత్రం విప్పలేదు. మూడోరోజు అన్నం సహించక, రిక్షా ఎక్కి ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "బంగారంలాంటి పిల్లని దొంగన్నానమ్మా" అన్నారు. వెంటనే అటెండరును మైలవరం బస్సెక్కించారు.

మరుసటి వారం ఆమెకు ప్రాక్టికల్ మళ్ళీ పెట్టారు. ఇరవై ఏడు వచ్చాయి, పాసయింది. ఆ మాట చెప్పడానికి మా మేడ మెట్లెక్కి వచ్చింది.

"నన్ను క్షమించమ్మా. అదే రోజు తెలిసీ మూడు రోజులు ఆగాను" అన్నాను.

"ఫర్వాలేదండీ" అంది. "ఆ మూడు రోజులూ మా అమ్మ ఒకటే మాటండి. నిజం చెప్పమని నిన్నెవరడిగారే అని. మొదటి రోజు అమ్మతో పోట్లాడానండి. రెండో రోజు ఊరుకున్నానండి. మూడో రోజుకి నాకూ అమ్మ మాటే నిజమనిపించిందండీ."