వరండా గోడకి కూడా అదే రంగు

నా చిన్నప్పుడు మల్కాపురంలో తెల్లగోడ తెల్లగా ఉండేది నాలుగు రోజులే. రేవు వైపు నుంచి గాలి తిరిగిందంటే చాలు, ఓడలకెక్కించే ఇనప ఖనిజం ఎర్రదుమ్ము వచ్చి గోడల మీద, ఆరేసిన బట్టల మీద, ఆఖరికి అన్నం గిన్నె మూత మీద కూడా కూర్చునేది. అయినా మా తాతయ్య ఏటా ఇంటికి సున్నం వేసేవాడు. రేవులో కళాసీ పని చేసి వచ్చి, సాయంత్రం కుంచె పట్టుకునేవాడు. నానిన సున్నంలో నీలిమందు కలిపే పని మాత్రం నాది. నీలి పడితేనే గోడ తెల్లగా తేలుతుందని తాతయ్య అనేవాడు. ఇల్లంతా నా చేతి మీదే నడుస్తోందని నేను తెగ బడాయి పోయేదాన్ని.

తాతయ్య అంటే అమ్మని కన్న తండ్రి. అమ్మా నేనూ ఆయన దగ్గరే ఉండేవాళ్ళం. నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మకి ఒంట్లో రక్తం నిలవని జబ్బు చేసింది. పెద్దాసుపత్రిలో చాలా రోజులు ఉంచి, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ మాటకి అర్థం పెద్దవాళ్ళకి తెలుసు, నాకు తెలీదు. ఇంటికి పంపించారంటే నయమైపోయినట్టే అనుకున్నాను. మర్నాడు పొద్దున్న బొట్టు పెట్టుకుందామని అమ్మ చేతి అద్దం అడిగింది. చూసుకుంది. అద్దం బోర్లించి పక్కన పెట్టేసింది. బొట్టు పెట్టుకోలేదు. గుమ్మంలో నిలబడి తాతయ్య అదంతా చూశాడు.

ఆ సాయంత్రమే సున్నం నానబెట్టాడు. పండగా పబ్బమా, ఇప్పుడెందుకని పక్కింటి అక్క అడిగితే, "ఎర్రదుమ్ము కనపడకుండా రంగేత్తన్నానమ్మా" అన్నాడు. ఈసారి నీలిమందు లేదు, నన్ను పిలవనూ లేదు. తానే చిటికెడు ఎర్రరంగు పొడి కలుపుకున్నాడు. ఆరాక చూస్తే గోడలు లేత గులాబీ. పసిపిల్ల అరచెయ్యి ఉంటుందే, అంత లేత. గదికీ అదే, వంటింటికీ అదే. నాలుగు రోజుల్లో ఇంటి లోపలంతా అదే రంగు. అమ్మ మొహానికి కూడా రంగొచ్చింది. మళ్ళీ అద్దం అడిగింది, బొట్టు పెట్టుకుంది. మా అమ్మకి తగ్గిపోయిందని నేను వీధంతా తిరిగి చెప్పుకొచ్చాను.

వరండా ఒక్కటే మిగిలింది. నా పని నాకు లేకుండా చేశాడని తాతయ్య మీద రోషం నాకు. ఆయన డ్యూటీకి వెళ్ళగానే రంగు కలపకుండా మిగిలిన సున్నంలో నీలిమందు మూట పిండి, చెయ్యి అందినంత మేర వరండా గోడకి వేసేశాను. మధ్యాహ్నానికి ఆరి ఎంత తెల్లగా తేలిందో! నా గొప్ప చూపించుకోవాలని అమ్మని మెల్లగా నడిపించుకొచ్చి ఆ గోడ పక్కనే కూర్చోబెట్టాను. తల దువ్వాను. నా చేత్తో నేనే అద్దం ఇచ్చాను.

అయ్యో, ఆ మొహం! లోపల నేను రోజూ చూస్తున్న అమ్మ కాదు. పెదాలకీ గోడకీ తేడా లేదు. భయపడి నేను వెనక్కి జరిగాను. జరగడం అమ్మ చూసింది. మళ్ళీ అద్దంలోకి చూసుకుంది.

తాతయ్య వచ్చి మెట్ల దగ్గరే ఆగిపోయాడు. ఈ రోజు నా వీపు పగులుతుందనుకున్నాను. అమ్మే ముందు మాట్లాడింది. "నాయినా, ఇక్కడ దుమ్ము బాగా కనపడతంది. ఈ గోడకి కూడా ఆ రంగే ఎయ్యి" అంది. ఆయన తల ఊపాడు. అమ్మని లోపల పడుకోబెట్టి వచ్చి, సున్నం కుండ నా ముందు పెట్టి, ఎర్రరంగు పొడి నా చేతిలో పోశాడు. "నీలి వద్దే తల్లీ. తెల్లగోడ కాడ మీ అమ్మ మొకం సూడలేకపోతన్నాను" అన్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది. ఇద్దరం కలిసి పొద్దుగూకేలోపే ఆ గోడ వేసేశాం.

కార్తీకం రాకముందే అమ్మ పోయింది. ఆ గదిలో గోడల ఛాయ పడి బుగ్గల మీద రంగు అలాగే ఉంటే, నిద్రపోతోందనుకుని అద్దం పట్టుకుని పక్కనే కూర్చున్నాను నేను. ఆయన ఆమె కోసం అబద్ధం ఆడాడనీ, ఆమె ఆయన కోసం నమ్మినట్టు ఉండిపోయిందనీ అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. కంచరపాలెంలో ఉంటున్నాం. కిందటి నెల మా ఆయన్ని కూడా ఆసుపత్రి వాళ్ళు ఆ మాటే చెప్పి ఇంటికి పంపించారు. పెయింటర్ షేడ్ కార్డు తెస్తే, అన్నిటికన్నా లేత గులాబీ మీద వేలు పెట్టి ఇల్లంతా ఇదేనన్నాను. హాలుకొకటి, బెడ్‌రూముకొకటి వేసుకుంటారమ్మా అని అతను చెప్పబోయాడు గానీ నేను వింటేనా!

"ఈ వయసులో గులాబీ రంగేటే?" అన్నారు మా ఆయన కుర్చీలోంచి. దుమ్ము కనపడదని చెప్పాను. మా అమ్మ అద్దం సంగతి ఆయనకి నేనెప్పుడూ చెప్పలేదు. ఆయన నా మొహంలోకి చూశారు, ఎదురుగా ఉన్న అద్దంలోకి చూశారు. "అయితే వరండాకి కూడా ఏయించు" అన్నారు.

తాతయ్య ఆ రోజు ఎందుకలా తల ఊపేశాడో నాకప్పుడు తెలిసింది. నేనూ తల ఊపి బయటికొచ్చి, ముందు వరండా మొదలుపెట్టమని పెయింటర్‌కి చెయ్యి చూపించాను.