రాను రాను

వారపత్రికలో ప్రూఫులు దిద్దే ఆవిడ ప్రతి వాక్యాన్నీ మూడుసార్లు చదువుతుంది. మూడోసారి ఎందుకని అడిగితే ఇదివరకు నవ్వేసి ఊరుకునేది. యుద్ధం మొదలయ్యాక ఆ నవ్వు పోయింది. ఫోన్ మోగితే చాలు, ఎర్రకలం వదిలేసి అందుకుంటుంది. ఆ రోజు ఒక సైనికుడి కవిత దిద్దడానికి వచ్చింది. అతను ఇంటికి రాసిన కవితను తల్లే పత్రికకు పంపింది. "అమ్మా, రాను రాను భయం పోయింది" అన్నచోట ఆవిడ ఆగిపోయింది. రెండు "రాను"ల మధ్య చిన్న సిరా చుక్క ఉంది. అది మరకైతే, కొడుక్కి మెల్లమెల్లగా ధైర్యం వచ్చింది. కామా అయితే, ఇక ఇంటికి రానంటున్నాడు.

"మరకే అనుకోండి మేడమ్, వీరోచితంగా ఉంటుంది," అన్నాడు సంపాదకుడు. ఆవిడకు చెయ్యాడలేదు. కవరు మీది నంబరుకు ఫోన్ చేసి, నసుగుతూ సంగతి చెప్పింది.

"నాకూ తెలీదమ్మా," అంది ఆ తల్లి. "పొద్దున చదివితే ఒకలా ఉంటుంది, సాయంత్రానికి ఇంకోలా ఉంటుంది. దాని తర్వాత మళ్ళీ ఉత్తరం లేదు. మీరు ఏదో ఒకటి తేల్చేయకండి."

"అయితే మొదటి రాను దగ్గర లైను విరిచేస్తానండీ. రెండోది కింది లైనులోకి పోతుంది. ఎలాగైనా చదువుకోవచ్చు."

"అలాగే వెయ్యి తల్లీ." మళ్ళీ ఆ తల్లే అడిగింది: "అక్కడ మీవాళ్ళెవరైనా ఉన్నారా?"

"మా తమ్ముడు."

"ఉత్తరం వచ్చిందా?"

"ఇంకా రాలేదండీ." ఇద్దరిలో ఎవరూ ఫోను పెట్టెయ్యలేదు.